ఇటాలియన్ విందు పెట్టె కొనేవారికి హెచ్చరిక: స్టిక్కర్ కింద ఏముందో చూడండి

ఇంట్లో పొలెంటా (మొక్కజొన్న రవ్వను నీటిలో ఉడికించి చేసే ఇటలీ వంటకం) వండి, భోజనం ముగిశాక అతిథులకు చాక్లెట్లు అందించాలనుకునేవారి కోసమని చెప్పి, ఆ రెండింటినీ కలిపి ఒకే కానుక పెట్టెగా ఆన్‌లైన్‌లో అమ్మేవారున్నారు. అటువంటి ఒక విక్రేత వద్ద నేను కొన్న పెట్టెలో పొలెంటా ప్రకటనలో చెప్పిన రకం కాదు. చాక్లెట్ అయితే అసలు చాక్లెట్టే కాదు. ఈ పద్ధతి ఆ ఒక్కరికే పరిమితమని నేను అనుకోవడం లేదు కనుక, విక్రేత పేరు చెప్పడం కంటే మోసం జరిగిన తీరును వివరించడమే మేలని భావించి ఇది రాస్తున్నాను.

ప్రకటనలో రాగి పాత్రలో కర్ర గరిటెతో కలుపుతున్న ముతక పొలెంటా చిత్రం, దాని కింద ‘సంప్రదాయ ఉత్తర ఇటలీ పొలెంటా’ అన్న మాటలు ఉన్నాయి. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న రాకముందు ఆ ప్రాంతంలో చిరుధాన్యాలతోనూ చెస్ట్‌నట్ పిండితోనూ పొలెంటా కాచుకునేవారు. 16వ శతాబ్దం తర్వాత క్రమంగా మొక్కజొన్న రవ్వ వాటి స్థానంలోకి వచ్చింది. ముతకగా విసిరిన రవ్వను బ్రమాటా అనీ, మెత్తగా విసిరినదాన్ని ఫియొరెట్టో అనీ అంటారు. ముతక రవ్వ సరిగా ఉడకడానికి సుమారు 45 నిమిషాలు పడుతుంది. ఇన్‌స్టంట్ రకం మాత్రం కర్మాగారంలోనే ఉడికించి ఆరబెట్టినది కావడం వల్ల కొద్ది నిమిషాల్లోనే చిక్కబడుతుంది. తీరిక లేనప్పుడు దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు; ముతక రవ్వ పేరు పెట్టి, ముతక రవ్వ ధరకు దాన్ని అంటగట్టడమే తప్పు.

నాకు పంపిన ప్యాకెట్‌లో ఉన్నది ఈ ఇన్‌స్టంట్ రకమే. ఒక వంతు రవ్వకు నాలుగైదు వంతుల నీరు తీసుకుని, ఉప్పు వేసి మరిగించి, కలుపుతూనే రవ్వను సన్నని ధారగా పోయడం అందరికీ తెలిసిన పద్ధతి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్రతి ముద్ద పైభాగంలోని పిండిపదార్థం వేడికి జిగురై, లోపలి పొడిని నీటికి అందకుండా మూసేస్తుంది కనుకనే ఉండలు కడతాయి. అంత జాగ్రత్తగా పోసినా ఆ ప్యాకెట్‌లోని పొడి చూస్తుండగానే బిగుసుకుపోయి, ముప్పావు గంట వంటకు ఏమాత్రం పనికిరాకుండా పోయింది. ముందే ఉడికిన పిండి నీటిని క్షణాల్లో పీల్చుకుంటుంది. అది దాని స్వభావం.

ఆ తర్వాత ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే, తయారీదారు అచ్చువేసిన వివరాల మీద విక్రేత తన స్టిక్కర్‌ను అతికించి ఉన్నాడు. దాన్ని తడిపి తీయగా, ముందే ఉడికించినదన్న అర్థం గల ‘ప్రెకోట్టా’ అన్న మాట, వండే సమయం 3 నిమిషాలు అన్న సూచన బయటపడ్డాయి. కొనేముందు మీరు అడగవలసిన వివరం ఈ వండే సమయమే. అది 5 నిమిషాల లోపు అయితే, ముందువైపు ఏ చిత్రం వేసినా, ఏ బిరుదు తగిలించినా అది ఇన్‌స్టంట్ రకమే.

చాక్లెట్ల సంగతి ఇంతకంటే తీవ్రమైనది. డబ్బా మీద ‘ప్రీమియం డార్క్ మింట్ చాక్లెట్’ అని ఉంది. వెనుక అతికించిన స్టిక్కర్ కింద ఉన్న పదార్థాల పట్టికలో మొదట చక్కెర, తర్వాత పామ్ కొవ్వు, ఆ తర్వాత కోకో పొడి, పాల విరుగుడు పొడి, సోయా లెసిథిన్ ఉన్నాయి. కోకో గింజల నుంచి తీసే కొవ్వు అయిన కోకో బటర్ ఊసే లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం సాధారణ చాక్లెట్‌లో కనీసం 35 శాతం కోకో ఘనపదార్థం, అందులో కనీసం 18 శాతం కోకో బటర్ ఉండాలి. నిర్దేశించిన ఆరు రకాల ఇతర వృక్షజన్య కొవ్వులను 5 శాతం వరకు కలపవచ్చు గానీ, ఆ సంగతిని ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. కోకో బటర్ లేని ఈ సరుకును మిఠాయి వ్యాపారంలో కాంపౌండ్ అంటారు. కోకో బటర్ శరీర ఉష్ణోగ్రత కంటే కాస్త తక్కువ వేడికే కరుగుతుంది కనుక మంచి చాక్లెట్ నాలుక మీద పూర్తిగా జారిపోతుంది. ఇది అంగిలికి మైనంలా అంటుకుని ఉండిపోయింది. వెన్న, చీజ్ కలిపిన పొలెంటా తిన్న తర్వాత నోటికి తేలికగా ఉండాలనే కదా పల్చటి పుదీనా చాక్లెట్‌ను ఎంచుకుంటాం!

‘70 శాతం కోకో’ అన్న అంకె ఉంటే దానికీ మురిసిపోనక్కరలేదు. లోపల పూర్ణం ఉన్న చాక్లెట్ల మీద ఆ అంకె చాలాసార్లు పై పొరకు మాత్రమే వర్తిస్తుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు అని కంగారుపడవద్దు. వేడికి కొవ్వు పైకి తేలినా, తేమకు చక్కెర పేరుకున్నా అలాగే అవుతుంది. అయితే కొత్త డబ్బాలోనే అవి ఉన్నాయంటే సరుకును సరిగా నిల్వ చేయలేదని అర్థం.

ఫిర్యాదు చేస్తే, రెండు రకాల పొలెంటాకూ తేడా లేదన్నారు. తర్వాత, తెరిచిన ఆహార పదార్థాలను వాపసు తీసుకోబోమన్నారు. చివరికి తదుపరి కొనుగోలుపై తగ్గింపు ఇస్తామన్నారు. స్టిక్కర్ ఎందుకు అతికించారన్న ప్రశ్నకు జవాబు రాలేదు. అందువల్ల ఇలాంటి పెట్టె కొనేముందు రెండు ప్యాకెట్ల వెనుకభాగం ఫొటోలు అడగండి, పంపనివారి దగ్గర కొనవద్దు. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, సరుకు అందగానే ప్యాకెట్లు తెరవకముందే అన్ని వైపులా ఫొటోలు తీయండి.

ఇప్పటికే ఈ పెట్టె అందుకున్నవారు ఒక్క విషయం వెంటనే గమనించాలి. ‘డార్క్’ అన్న మాటను నమ్మి పాల అలెర్జీ ఉన్నవారికి ఈ చాక్లెట్లు ఇచ్చే అవకాశం ఉంది. పాల విరుగుడు, సోయా ఉన్నాయన్న సమాచారం పై స్టిక్కర్ మీద లేదు. దాన్ని తొలగించి కింది పట్టిక చదివేవరకు డబ్బాను ఎవరి ముందూ పెట్టకండి.