జాజ్ బేస్‌లో హమ్: రాగి టేపు ఆపేదెంత, ఆపనిదెంత

తిరుపతి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, జాతరలకు ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తుంటాను. నాది రెండు సింగిల్ కాయిల్ పికప్‌లున్న జాజ్ బేస్ రకం గిటార్. పికప్ అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం: అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి వైరు చుట్ట (కాయిల్). సింగిల్ కాయిల్ అంటే అలాంటి చుట్ట ఒక్కటే. గోల తగ్గడానికి లోపలి గుంతలకు రాగి టేపు వేసి ఏళ్ళయింది, ఆ తర్వాత పికప్‌లు కూడా మార్చాను. టేపు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది గానీ అమ్మేవాళ్ళు ఊరించినంత కాదు.

మనకు వినపడే గోల రెండు రకాలు. సన్నగా 'జీ'మనేది బజ్. డిమ్మర్లు, సీరియల్ సెట్ల నుంచి వచ్చే ఈ గోలను మన ఒళ్ళే యాంటెన్నాలా పట్టి పికప్ దగ్గరికి తెస్తుంది. తీగలు ముట్టుకోగానే తగ్గేది ఇదే, ఎందుకంటే తీగలు బ్రిడ్జి (తీగల కింది చివర్లు ఆనే లోహపు ముక్క) కింది వైరు ద్వారా గ్రౌండుకు కలిసి ఉంటాయి. ముట్టుకున్నా తేడా లేకపోతే ముందు ఆ వైరు ఊడిందేమో చూడండి, టేపు కొనే పని తప్పొచ్చు. రెండోది లావుగా 'ఊఁ' అనే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర మోగుతుంది. ఇది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం నేరుగా కాయిల్‌లో పుట్టించే మోత. పల్చటి రాగి రేకు దీన్ని ఆపలేదు.

బజ్ విషయంలో మాత్రం టేపుకు మంచి మార్కులే. గంగమ్మ జాతర స్టేజీల మీద నెత్తిన లైట్ల తోరణాలుంటాయి కదా, అక్కడ పాటకూ పాటకూ మధ్య మా మిక్సర్ అన్న నా ఛానల్ మ్యూట్ చెయ్యడం మానేశాడు. జిగురు కూడా కరెంటు పారే రకమే కొనాలి, లేదంటే ముక్కలు కలిసిన ప్రతిచోటా టంకం చుక్క పెట్టాలి. పికప్ గుంతల్లోని రేకును వైరుతో కంట్రోల్ గుంతకు (వాల్యూము నాబ్‌లుండే చోటు) కలిపి, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ, అంటే కరెంటు దారి తెగకుండా ఉందా అని చూసుకోవాలి. గ్రౌండుకు కలవని రేకు ఉన్నా లేనట్టే. జాక్‌లో సిగ్నల్ కాలు రేకుకు తగిలిందా, సౌండే రాదు. అక్కడ ఇన్సులేషన్ టేపు తప్పనిసరి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ వాడమని చెప్పేవాళ్ళున్నారు, దానికి మామూలు టంకం అంటదు. మన మే ఎండలకు నా టేపు అంచులు లేచాయి, మళ్ళీ నొక్కి అతికించాను. రాగి గోధుమ రంగుకు తిరిగింది, పనిలో తేడా రాలేదు.

ఇక హమ్. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల చుట్లు, అయస్కాంతాలు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో ఉంటాయి. రెండు వాల్యూములూ సమానంగా పెడితే హమ్ దానంతటదే కొట్టేసుకుంటుంది, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. జాజ్ బేస్ తయారుచేసే ఫెండర్ కంపెనీ 1957లోనే తన ఇంకో మోడల్ ప్రెసిషన్ బేస్‌కు పికప్‌ను రెండుగా చీల్చి ఈ బాధ తప్పించింది. నాకేమో బ్రిడ్జి పికప్ ఒక్కటే పెట్టి వాయించడం అలవాటు. అందుకే ఒకదాని కింద ఒకటి రెండు కాయిల్స్ ఉండే స్టాక్డ్ రకం వేయించాను. టేపుతో పోలిస్తే ఖర్చు చాలా ఎక్కువ. హమ్ దాదాపు పోయింది, దాంతోపాటు పైస్వరాల్లో మెరుపు కొంచెం పోయింది. స్టేజీ మీద కీబోర్డు, ప్యాడ్ల మధ్య అదెవరికీ తెలియదు. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాకు తెలుస్తుంది, పాత పికప్‌లు అమ్మకుండా దాచింది అందుకే. రెండు వాల్యూములూ ఫుల్‌గా పెట్టి వాయించేవాళ్ళు ఈ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

ఆంప్ ఒక ప్లగ్గులో, మిక్సర్ ఇంకో ప్లగ్గులో ఉన్నప్పుడు ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే గ్రౌండ్ లూప్ మోతకు టేపూ మందు కాదు, పికప్‌లూ కాదు. దానికి కొందరు ఆంప్ ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేస్తారు. ఆంప్‌లో లీకేజీ ఉంటే తీగల మీద చెయ్యి, మైకుకు మూతి తగిలినప్పుడు షాక్ కొడుతుంది, ప్రాణమే పోవచ్చు. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండును విడదీసేది) ఉన్న డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు పంపే చిన్న డబ్బా, ఒకటి కొనుక్కోండి, మోత అక్కడే తెగుతుంది, ఎర్త్ అలాగే ఉంటుంది.