స్కైటెమ్ హెలికాప్టర్ సర్వే: ఒండ్రు నేలల్లో ఎంతవరకు నమ్మవచ్చు?

హెలికాప్టర్ కింద పెద్ద తీగ లూప్‌ను వేలాడదీసి, భూగర్భంలోని పొరల విద్యుత్ నిరోధకతను కొలిచే స్కైటెమ్ వ్యవస్థకు డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపమిచ్చారు. ఇటువంటి పరికరాల్లో చాలావరకు ఖనిజాన్వేషణ కోసం పుట్టినవి కాగా, దీన్ని మొదటినుంచీ భూగర్భజలాల కోసమే తయారుచేశారు. ఆ తేడా ఫలితాల్లోనూ కనిపిస్తుంది.

లూప్‌లో ప్రవహించే కరెంటును ఒక్కసారిగా ఆపేసినప్పుడు నేలలో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాలు కిందికీ పక్కలకూ వ్యాపిస్తూ, బంకమట్టిలో నెమ్మదిగానూ మంచినీటి ఇసుకలో త్వరగానూ క్షీణిస్తాయి. స్కైటెమ్ తక్కువ శక్తి పల్సులను, ఎక్కువ శక్తి పల్సులను మార్చి మార్చి పంపుతుంది. మొదటివి పైపొరల వివరాన్ని పట్టుకుంటాయి, రెండోవి అనువైన నేలల్లో సుమారు 300 మీటర్ల దాకా చేరతాయి. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ ఏర్పాటే, ఎందుకంటే అవక్షేప ప్రాంతాల్లో పైపొరల లెక్క తప్పితే ఆ తప్పు కింది పొరలన్నిటికీ పాకుతుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పట్నా దగ్గరి గంగా మైదానంలో, జైసల్మేర్ ఎడారిలో, కడలూరు తీరంలో ప్రయోగాత్మక సర్వేలకు ఈ పద్ధతినే ఎంచుకుంది. 2021లో రాజస్థాన్, గుజరాత్, పంజాబ్, హర్యానాల కోసం హెలికాప్టర్ సర్వే మొదలైంది.

అయితే నీళ్ళెక్కడ పడతాయో వేలు పెట్టి చూపే యంత్రంగా దీన్ని ఊహించుకునేవారికి నిరాశ తప్పదు. ఇది ఇచ్చేది నిరోధకత పటం మాత్రమే. బంకమట్టి అయినా, ఉప్పునీరు నిండిన ఇసుక అయినా తక్కువ నిరోధకతనే చూపుతాయి కనుక, బోరు లాగ్‌లు (బోరు తవ్వినప్పుడు ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసిన నమోదులు), నీటి నమూనాల పరీక్షలు తోడు లేనిదే రెంటినీ విడదీయలేము. పైగా అటువంటి పొర పైనే ఉంటే సంకేతం లోతుకు దిగక ముందే సన్నగిల్లుతుంది. అందుకే ఎంత లోతువరకు ఫలితాన్ని నమ్మవచ్చో చూపే గీత లేని పటాన్ని అంగీకరించకూడదని నా అభిప్రాయం.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. భూగర్భంలో ఉప్పునీరు ఉండటానికి తోడు, ఆక్వా చెరువుల ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) వెళ్ళే కరెంటు తీగలు కొలతల్లో కలగజేసుకుంటాయి. ఆ తీగలకు నూరు, నూటయాభై మీటర్ల దగ్గరలోని కొలతలను సాధారణంగా తీసివేయవలసి వస్తుంది కాబట్టి, చెరువులు దట్టంగా ఉన్న మండలాల్లో హెలికాప్టర్‌కు ఖర్చుపెట్టేకన్నా, తీగలు లేని చోట్లు వెతికి నేలమీదే లూప్ పరచి కొలవడం మేలు.