హోటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ‘ట్యాక్స్ ఎగ్జెంప్ట్’ టిక్కు చూసి డబ్బు కట్టేయకండి

చిన్న, మధ్య తరహా హోటళ్లకు తక్కువ ధరకు అమ్ముతున్న కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒకే లోపం ఉంది. డెమోలో అది బయటపడదు. పన్ను లేని బిల్లు ఎలా వస్తుందని అడిగితే గెస్ట్ ప్రొఫైల్‌లో ‘ట్యాక్స్ ఎగ్జెంప్ట్’ (పన్ను మినహాయింపు) అన్న గడిలో టిక్ పెడతారు. ఫోలియోలో (గెస్ట్ ఖాతా పద్దులో) జీఎస్టీ సున్నా అవుతుంది. అంతే, డెమో అయిపోయింది. ఆ సున్నా రిటర్నుల్లో ఎక్కడికి వెళ్తుందో మాత్రం చూపించరు. మీకు నష్టం జరిగేది అక్కడే.

పన్ను పడకపోవడానికి కారణాలు వేరు, వాటి లెక్కలూ వేరు. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) యూనిట్ తన అధీకృత పనుల కోసం గది తీసుకుంటే అది జీరో రేటెడ్ సప్లై, అంటే పన్ను సున్నా అయినా క్రెడిట్ హక్కు పోని అమ్మకం. హోటల్‌కు ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా సప్లై చేయడానికి జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) ఉంటే పన్ను వేయకుండా బిల్లు ఇవ్వొచ్చు. ఇది అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో 6బి టేబుల్‌కు, పన్ను చెల్లింపు రిటర్ను జీఎస్టీఆర్-3బిలో 3.1(బి)కి వెళ్లాలి. మనిషికి నెలకు రూ.20,000 మించకుండా, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఇచ్చే వసతి 2024 జులై 15 నుంచి ఎగ్జెంప్ట్. అది వెళ్లాల్సింది 8వ టేబుల్‌కు, 3.1(సి)కి. ఒకే టిక్కు ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ కలిపి 8వ టేబుల్లో పడేస్తుంది. అప్పుడు సెజ్ కంపెనీకి మీ బిల్లు కనిపించదు, వాళ్లు పేమెంట్ ఆపేస్తారు. ఇంకో దెబ్బ కూడా ఉంది. రూ.7,500 పైబడిన గదుల మీద ఐటీసీ (కొనుగోళ్లపై కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్) తీసుకునే హోటలైతే, ఎగ్జెంప్ట్ అమ్మకాల నిష్పత్తిలో రూల్ 42 ప్రకారం ఐటీసీ వెనక్కి ఇవ్వాలి. జీరో రేటెడ్‌కు ఆ అవసరం లేదు. తప్పు గడిలో పడినందుకే హక్కుగా రావాల్సిన క్రెడిట్ పోతుంది.

యూఎన్ సంస్థలు, కాన్సులేట్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు హోటల్ దగ్గర మినహాయింపే లేదు. పన్ను వేసి, బిల్లు మీద వాళ్ల యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసివ్వాలి. రీఫండ్ వాళ్లే తెచ్చుకుంటారు. యూఐఎన్‌లోనూ 15 అక్షరాలే ఉంటాయి కానీ మధ్యలో పాన్ ఉండదు. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ‘చెల్లని జీఎస్టీ నంబర్’ అని తోసేస్తాయి. ఫ్రంట్ ఆఫీసులో ఉన్నవాళ్లు ఏం చేయాలో తోచక ఎగ్జెంప్ట్ టిక్ పెట్టేస్తారు. ఆ పన్ను చివరికి మీ జేబులోంచి, 18% వడ్డీతో సహా పోతుంది. ప్రభుత్వ ఉద్యోగి డిపార్ట్‌మెంట్ లెటర్ చూపించి పన్ను తీసేయమన్నా తీసేయకూడదు, గది అద్దెకు అలాంటి మినహాయింపు లేదు. అసలు ఆ టిక్కు పెట్టే అధికారం మేనేజర్ లాగిన్‌కే ఉండాలి.

మినహాయింపు కంపెనీ పేరుకో, గెస్టుకో కాదు, జీఎస్టీ నంబరుకు ముడిపడి ఉండాలి. గచ్చిబౌలిలో ఒకే కంపెనీకి తెలంగాణ కోడ్ 36తో మొదలయ్యే నంబర్లు రెండు ఉండొచ్చు, ఒకటి సెజ్ యూనిట్‌ది, రెండోది మామూలు ఆఫీసుది. పాన్ ఒకటే, 13వ అక్షరం మారుతుంది. శ్రీసిటీలో సెజ్ ఉంది, దాని బయటి డొమెస్టిక్ జోన్ కూడా ఉంది కాబట్టి అడ్రస్ చూసి నిర్ణయించడం కుదరదు. జీఎస్టీ పోర్టల్లో ‘ట్యాక్స్‌పేయర్ టైప్’ దగ్గర సెజ్ యూనిట్ లేదా సెజ్ డెవలపర్ అని ఉంటేనే ముందుకు వెళ్లండి. ప్రొఫైల్‌కు అతుక్కుపోయిన టిక్కుతో ఇంకో ప్రమాదం ఉంది. అదే ఉద్యోగి తర్వాత కుటుంబంతో సొంత పని మీద వచ్చినా పన్ను పడదు.

డబ్బు కట్టేముందు డెమోలోనే ఈ పరీక్ష పెట్టించండి. రోజుకు రూ.6,000 గదిలో మూడు రాత్రుల గెస్ట్‌ను చెకిన్ చేయించండి. రెండు నైట్ ఆడిట్లు (రోజు లెక్క మూసే ప్రక్రియ) నడిపించండి. 5% చొప్పున రాత్రికి సీజీఎస్టీ 150, ఎస్‌జీఎస్టీ 150 పడాలి, రెండు రాత్రులకు మొత్తం రూ.600. ఇప్పుడు సెజ్ నంబరు ఎక్కించి మినహాయింపు పెట్టమనండి. ఆ రూ.600 ఈరోజు తేదీతో రివర్సల్ ఎంట్రీగా కనిపించాలి. పాత లైన్లే మాయమైతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు, ఎందుకంటే మూసేసిన రోజుల లెక్క మారిపోతోంది. కంపెనీగా రిజిస్టరైన హోటళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎప్పుడు చేశారో చూపే నమోదు) తప్పనిసరి కూడా. తర్వాత అదే ఫోలియోలో గెస్ట్ సొంతంగా కట్టే లాండ్రీ వేయించండి, దానికి పన్ను పడాలి. ఫోలియో మొత్తానికి ఒకే స్విచ్ ఉంటే పడదు.

ఆఖరున ఇన్వాయిస్ తీయించండి. ఎల్‌యూటీ కింద ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర సప్లైపై వేసే జీఎస్టీ) లేకుండా సెజ్‌కు ఇచ్చిన సప్లై అని రూల్ 46 అడిగే వాక్యం దాని మీద ఉండాలి. ఎల్‌యూటీ ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి మార్చి 31 తర్వాతి తేదీ పెట్టి మళ్లీ తీయించండి. పాత ఎల్‌యూటీ నంబరుతోనే బిల్లు వస్తే గడువు చూసే ఏర్పాటు లేదన్నమాట. ఎల్‌యూటీ లేనప్పుడు పన్ను వేయాల్సి వస్తే ఐజీఎస్టీయే పడాలి. హోటల్, సెజ్ రెండూ తెలంగాణలోనే ఉన్నా ఇది అంతర్రాష్ట్ర సప్లై కిందే లెక్క. చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా విడగొడతాయి. టర్నోవర్ రూ.5 కోట్లు దాటి ఈ-ఇన్వాయిస్ కిందికి వచ్చేవాళ్లు సప్లై టైప్ ‘ఎస్‌ఈజెడ్‌డబ్ల్యూఓపీ’ (పన్ను చెల్లింపు లేకుండా సెజ్‌కు సప్లై) అని వెళ్తోందో లేదో చూడండి. ‘బీటూబీ’ (మామూలు వ్యాపార సప్లై) అని వెళ్తే ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో రద్దు చేయడానికి 24 గంటలే గడువు. ఆ తర్వాత క్రెడిట్ నోట్ ఇవ్వడమో, జీఎస్టీఆర్-1లో సరిచేసుకోవడమో చేయాలి.

ఇప్పటికే కొనేసినవాళ్లు పన్ను సున్నా ఉన్న బిల్లులన్నీ ఎక్సెల్‌లోకి దించి, ప్రతిదానికీ కారణం, జీఎస్టీ నంబరు, కాగితం ఉన్నాయో లేదో పక్కన రాసుకోండి. తప్పుగా పోయినవి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30లోపు మీ ఆడిటర్‌తో సరిచేయించుకోవాలి. సబ్‌స్క్రిప్షన్ ఆపేముందే ఫోలియోలు, జత చేసిన లెటర్లతో సహా డేటా మొత్తం తీసి పెట్టుకోండి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు అధికారులు అడిగితే చూపించాల్సింది మీరే, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కాదు.