"సాలిడ్ ఇత్తడి" గార్డు సెట్టు కొంటున్నారా? నా కత్తి గతి చూసి ఆగండి

కోపం ఇంకా తగ్గలేదు, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. అమ్మినవాడి పేరు రాయను. సినిమా కత్తులకు నకళ్లు చేసేవాళ్లలో ఆ సెట్టు కంటపడని వాళ్లుండరు: గార్డు (పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండే ముక్క), పిడి చివర గుండు, రెండు రింగులు, నల్ల గుడ్డ మీద పెట్టి తీసిన ఫొటో, పైన "సాలిడ్ ఇత్తడి" అని పెద్దక్షరాలు. ఆ, వాడే.

కత్తి అలుగు నేనే చేశాను. 5 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ పట్టీ, ఆకురాయి, ఓపిక, అంతే. గోడకు పెట్టుకునేది కాబట్టి అంచు మొద్దుగానే ఉంచాను, గట్టిపరిచే పని పెట్టుకోలేదు. పోత పోయడం మాత్రం ఇంట్లో కుదరక గార్డు సెట్టు కొన్నాను. గార్డు మీదికి వచ్చే అలంకారపు ఆకులు మళ్లీ నా చేతి పనే. సినిమాను ఆపి ఆపి చూసి, హీరో గుప్పిటను కొలతగా పెట్టుకుని గీసి, ఇత్తడి రేకులో సన్న రంపంతో కోశాను. మొత్తం పద్నాలుగు ఆకులు, ఒక్కొక్కదానికి ఈనెలు చెక్కాను. నాలుగు వారాలు పట్టింది.

సెట్టు వచ్చిన రోజు నేను చేసిన ఘనకార్యం వినండి. అయస్కాంతం పెట్టి చూశాను. అంటలేదు. "ఇత్తడే!" అని మురిసిపోయాను. జింక్‌కు కూడా అయస్కాంతం అంటదని ఏడో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. నేను అడగలేదు.

ఇంకోటి. ఆకులు అతికించే ముందు గార్డును ఎమెరీ కాగితంతో రుద్దాను. ఒకచోట పసుపు పోయి తెల్లగా కనిపించింది. కనిపించింది! లైటు వెలుగు పడి అలా ఉందిలే అనుకుని దాని మీదే, టంకం బాగా పారడానికి, వెలిగారం రాశాను. ఇది రాస్తుంటే నా నెత్తి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

టార్చ్ వెలిగించాను. ఆకులను అతికించే వెండి టంకం కరిగి పారాలంటే వేడి 600 డిగ్రీలు దాటాలి. ఇత్తడైతే దాదాపు 900 దాకా చెక్కుచెదరదు, కాబట్టి నాకు టెన్షన్ లేదు. టంకం ఇంకా కదలనైనా లేదు, గార్డు ఎడమ కొన వంగింది. కళ్లు చెదిరాయేమో అనుకున్నాను. మరుక్షణం మధ్యలో కుంగిపోయి, పైపూత మాత్రం తొక్కలా ముడతలు పడి నిలిచింది, లోపలిదంతా వెండిరంగులో జారి ఇటుక మీద పడింది. నా ఆకుల్లో తొమ్మిది అందులో మునిగాయి. పట్టకారుతో లాగితే మూడు వచ్చాయి, అంచులు తినేసి ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం అంటారే, అది కళ్ల ముందు కరిగి చూపించింది. ఇలాంటి, ఎక్కువ భాగం జింకే ఉండే పోత లోహం 380, 390 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. అంటే నేను గెలిచే అవకాశం మొదటి నుంచీ లేదు. తెల్లటి పొగ కూడా లేచింది. కిటికీ తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది, ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇంతవరకూ నష్టమే. అసలు మంట తర్వాత.

ఫొటోలు పంపాను, మర్యాదగానే రాశాను. వచ్చిన జవాబు: "అలంకరణ వస్తువును మంటలో పెడతారా సార్?" ఇత్తడి అన్నారు కదా అంటే, "ఇత్తడి లుక్ అని ఉంది, సరిగ్గా చదవండి." వెళ్లి చూద్దును కదా, నిజంగానే "ఇత్తడి లుక్" అని ఉంది! పొద్దున నేను ఫిర్యాదు పెట్టినప్పుడు "సాలిడ్ ఇత్తడి", మధ్యాహ్నానికి "లుక్". బిల్లులో ఇప్పటికీ "సాలిడ్ ఇత్తడి సెట్టు" అనే ఉంది, అది చూపించాను. దానికి ఆయనగారు: "బొమ్మ కత్తికి అసలు ఇత్తడి ఎందుకు సార్?" పక్కన ఒక నవ్వు బొమ్మ.

బొమ్మ కత్తి. డబ్బు పోయినందుకు కూడా ఇంత ఒళ్లు మండలేదు. మనలాంటి వాళ్ల పిచ్చి మీద బతుకుతూ ఆ మాట అంటాడా? షూటింగుల్లో ఫైట్లకు రబ్బరువీ అల్యూమినియంవీ వాడినా, దగ్గర నుంచి తీసే షాట్లకు శ్రద్ధగా వేరే కత్తి చేయించుకుంటారు. నేను చేస్తున్నది ఆ రెండోదాని నకలు. సెట్టు వెనక్కి తీసుకోమంటే "వేడి చేసిన వస్తువు తీసుకోం" అని బ్లాక్ చేశాడు. ఇటుకకు అతుక్కున్న ముద్దను నేను మాత్రం ఏం చేసుకోను?

సరే, కొనేవాళ్లకు నాలుగు మాటలు. కనిపించని చోట ఆకురాయితో ఒక్క గీత లోతుగా గీయండి, లోపల కూడా పసుపుంటేనే ఇత్తడి. గీయడానికి మనసొప్పకపోతే తూకం వేసి నీళ్లలో ముంచి ఎన్ని మిల్లీలీటర్లు పెరిగిందో చూడండి. ఇత్తడి మిల్లీలీటరుకు ఎనిమిదిన్నర గ్రాముల దగ్గర ఉంటుంది, ఇలాంటి జింక్ పోత ఆరున్నర, ఏడు మధ్య. అమ్మకం పేజీని కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి, నాకు బిల్లయినా మిగిలింది. అయస్కాంతం సంగతి ఎత్తకండి.

ఇప్పుడే మళ్లీ చూశాను. "చివరి రెండు సెట్లు మాత్రమే" అంటున్నాడు. నేను కొన్నప్పుడూ రెండే.