ఫిజిక్సు పక్కన ఏ సబ్జెక్టు మేలు?

ప్లస్ టూ (ఇంటర్) ఫలితాలు వచ్చిన వారంలోనే ఒడిశాలోని బరంపురంలో మా ఇంటికి పిల్లలు రావడం మొదలవుతుంది. మొన్న పక్కవీధి అమ్మాయి వాళ్ల నాన్నని వెంటబెట్టుకొచ్చి అడిగింది: "మాష్టారూ, ప్లస్ త్రీలో (డిగ్రీలో) ఫిజిక్సు ఆనర్సే తీసుకుంటా. పక్కన లెక్కలా, కంప్యూటరా, ఎలక్ట్రానిక్సా?"

లెక్కలే తీసుకోమన్నాను. వాళ్ల నాన్నకి నచ్చలేదు. కంప్యూటరైతే ఉద్యోగానికైనా పనికొస్తుందని ఆయన బెంగ. ఆ బెంగలో తప్పేమీ లేదు. కానీ అమ్మాయి ఎమ్మెస్సీ చేసి, పరిశోధనకు వెళ్లాలనుకుంటోంది. ఆ దారికి ఏది మేలో చూడాలి కదా.

వాళ్ల ఎదురుగానే లాప్‌టాప్ తెరిచి చూపించాను. స్ప్రింగుకి కట్టిన బరువు అటూ ఇటూ ఊగుతోంది. సెకనులో పదో వంతు చొప్పున ముందుకు జరుపుతూ, ఇప్పుడున్న వేగంతో కొత్త స్థానం, ఇప్పుడున్న స్థానంతో కొత్త వేగం లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాశాం. ఒక్క తప్పు లేకుండా నడిచింది. కానీ అలా వంద అడుగులు (స్టెప్పులు) ముందుకు జరిగేసరికి బరువు శక్తి 2.7 రెట్లయింది! ఎవరూ తొయ్యకుండా శక్తి ఎక్కడ నుంచి వచ్చినట్టు? ఒక్కో అడుగుకి శక్తి 1.01 రెట్లవుతుందని కాగితం మీద రెండు వరుసల్లో తేలుతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానం లెక్కగడితే ఈ జబ్బు పోతుంది. ప్రోగ్రాం రాయడం సెలవుల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. అది చెప్పే జవాబు నమ్మాలో లేదో తేల్చేది మాత్రం డిఫరెన్షియల్ ఈక్వేషన్లు (ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలు) తెలిసినవాళ్లే.

"ఆనర్సులోనే మ్యాథమెటికల్ ఫిజిక్సు ఉంది కదా మాష్టారూ" అంది అమ్మాయి. ఉంది, కానీ పరుగు మీద చెప్పేస్తారు. 1922లో స్టెర్న్, గెర్లాక్ అనే శాస్త్రవేత్తలు వెండి పరమాణువుల ధారను అయస్కాంతం గుండా పంపితే అది రెండుగా చీలింది. ఎందుకు రెండే? స్పిన్నుకి, అంటే ఎలక్ట్రానుని చిన్న అయస్కాంతంలా చేసే గుణానికి, రాసే రెండు వరుసల మాత్రికకు (అంకెల పట్టికకు) ఐగెన్ విలువలు, అంటే కొలిస్తే రాగల జవాబులు, రెండే కాబట్టి. నా చదువు రోజుల్లో ఐగెన్ విలువలు బట్టీపట్టి పాసయ్యాను. ఎమ్మెస్సీలో క్వాంటం మెకానిక్సు మొదలయ్యాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది, ఏడాది పోయింది. ఈ పిల్లకి ఆ ఏడాది పోకూడదు.

అయితే లెక్కల్లో అన్ని పేపర్లూ ఒకటి కాదు. లీనియర్ ఆల్జీబ్రా (మాత్రికలు, ఐగెన్ విలువలు అందులోవే), డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వదలకూడదు. వీలుంటే కాంప్లెక్స్ ఎనాలిసిస్, ప్రాబబిలిటీ. నంబర్ థియరీ అందమైనదే, ఈ దారిలో దాని అవసరం తక్కువ. ఎమ్మెస్సీ ప్రవేశానికి రాసే ఐఐటీ జామ్ ఫిజిక్సు పరీక్షలో కూడా మాత్రికలు, ఫోరియర్ సిరీస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మొదటి అధ్యాయంలోనే ఉంటాయి.

ఎలక్ట్రానిక్సుని మాత్రం కొట్టిపారేయను. పాత రేడియో దొరికితే విప్పి చూడందే నిద్రపట్టని పిల్లలుంటారు. ప్రయోగశాలలో బతకబోయేది వాళ్లే. సన్నటి సిగ్నల్ని హోరులోంచి బయటికి లాగడం, ఆప్-ఆంప్ (సిగ్నల్ని పెంచే చిప్) సర్క్యూటు కట్టడం చేతికి రావాలి. అలాంటివాళ్లు ఎలక్ట్రానిక్సు తీసుకుని, పైన చెప్పిన రెండు లెక్కల పేపర్లనీ ఐఐటీలవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలతో సొంతంగా చదువుకోవచ్చు. ఆ పాఠాలు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. కెమిస్ట్రీ అయితే, కొత్త పదార్థాల మీద పని చేయాలనుకునేవాళ్లకే.

ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ప్లస్ త్రీ పుస్తకాల్లో ఇంగ్లీషు. మన పిల్లలకి మొదటి ఆరు నెలలూ మాటలతోనే సరిపోతుంది. అందుకే మాత్రికలు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమన్నాను.

వెళ్లబోతూ వాళ్ల నాన్న అడిగారు: "ఫారంలో ఏ కాలేజీ ముందు రాయాలండీ?" లీనియర్ ఆల్జీబ్రా ఏ సెమిస్టర్లో చెబుతారో, ఆ పేపరుకి ఇప్పుడు లెక్చరరు ఉన్నారో లేదో ప్రతి కాలేజీలో కనుక్కుని, ఉన్న కాలేజీని ముందు రాయమన్నాను.