17.5 అంగుళాల కాన్పూర్ జీను: కొన్నేళ్ల స్వారీ తర్వాత

నేను వాడేది కాన్పూర్‌లో కుట్టిన జనరల్ పర్పస్ (అన్ని రకాల స్వారీకీ వాడే) తోలు జీను. సీటు 17.5 అంగుళాలు. స్వారీ హైదరాబాద్ శివార్లలో, వారాంతాల్లో, ఎక్కువగా రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి గుర్రాల మీద.

కొనేటప్పుడు దుకాణంలో మొదట అడిగింది నా బరువు. సన్నగా ఉన్నాను కదా, 17 సరిపోతుందన్నారు. కానీ స్వారీ స్కూల్లో నేర్చుకున్నది 17 మీదే, దాని సంగతి నాకు బాగా తెలుసు. మోకాలు ఫ్లాప్ (కాలి కింద పక్కకు వేలాడే తోలు) ముందు అంచు దాటేసేది. వెనక్కి జరిగితే కాంటిల్ (సీటు వెనక పైకి లేచిన అంచు) ఎక్కి కూర్చోవాల్సి వచ్చేది. సైజు తేల్చేది బరువు కాదు, తొడ పొడవు. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, పిరుదుల వెనక నుంచి మోకాలి చివరిదాకా టేపు పట్టాలి. అమ్మేవాళ్లు వాడే పట్టికల్లో మామూలుగా 20 నుంచి 21.5 అంగుళాలకు 17, ఆపైన 23 దాకా 17.5 అని ఉంటుంది. నాది 22. జీను సీటును మాత్రం పామెల్ (జీను ముందు ఎత్తైన భాగం) పక్కనుండే మేకు తల నుంచి కాంటిల్ నడిమధ్యకు కొలుస్తారు.

పట్టిక దారి చూపిస్తుంది, అంతే. స్టిరప్పులు (పాదాలు పెట్టే రికాబులు) మీ స్వారీ పొడవుకు పెట్టుకుని, సీటు లోతైన చోట కూర్చోండి. వెనక కాంటిల్ అంచుదాకా నాలుగు వేళ్లు పట్టాలి. నాకు సరిగ్గా అంతే ఖాళీ. రైజింగ్ ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో లయకు తగ్గట్టు లేచి కూర్చున్న ప్రతిసారీ అదే చోట దిగుతున్నాను. 18 కూడా ఎక్కి చూశాను. హాయిగా అనిపించింది గానీ కాళ్లు ముందుకు జారిపోయాయి.

అసంతృప్తి ఫ్లాప్‌తోనే. సీటు సైజు గురించి అందరూ మాట్లాడతారు, ఫ్లాప్ పొడవు, కోత గురించి ఎవరూ అడగరు! ఫ్లాట్‌వర్క్‌కు, అంటే దూకకుండా నేల మీద చేసే స్వారీకి ఇబ్బంది లేదు. జంపింగ్ కోసం స్టిరప్పులు రెండు రంధ్రాలు పైకి కడితే మాత్రం మోకాలు అంచుకు వచ్చేస్తుంది. ఎక్కువగా జంపింగ్ చేసేవాళ్లు అదే 17.5లో ఫ్లాప్ ముందుకు కోసిన క్లోజ్ కాంటాక్ట్ రకం చూసుకోవడం మేలు.

ఏడాది దాటాక ఉన్నట్టుండి జీను చిన్నదైపోయినట్టు అనిపించింది. సీటు ఎక్కడికి పోతుంది? ప్యానెళ్లలోని (గుర్రం వీపుకు ఆనే మెత్తల్లోని) ఉన్ని వెనక వైపు అణగిపోయి జీను వెనక్కి వాలింది, నేను కాంటిల్ మీదకు జారుతున్నాను. ఉన్ని నింపించాక మళ్లీ మామూలే. సైజు మార్చాలనుకునేవాళ్లు ముందు జీనును పక్క నుంచి చూడండి, సీటు లోతు మధ్యలో ఉందో లేదో తెలుస్తుంది.

సీటు మనిషికి, ట్రీ (జీను లోపలి చట్రం) వెడల్పు గుర్రానికి. థరోబ్రెడ్‌లకు మెడ, వీపు కలిసే చోట ఎముక మిట్టగా ఉంటుంది. మనిషి కూర్చున్నాక కూడా దానికీ పామెల్‌కూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. పొడవు విషయానికొస్తే, ప్యానెల్ చివరి పక్కటెముక దాటకూడదు. మా దగ్గరున్న పొట్టి వీపు ఆడగుర్రానికి నా జీను దాటుతుంది, అందుకే దాని మీద వేయను.

తోలు గట్టిదే. వానాకాలంలో బూజు పడుతుంది, తుడిచి గాలి తగిలేలా పెట్టాలి. ఎడమ వైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఆ వైపు స్టిరప్ లెదర్ (స్టిరప్ వేలాడే తోలు పట్టీ) సాగుతుంది. అప్పుడప్పుడూ రెండూ అటూ ఇటూ మార్చి వేస్తున్నాను.