నీటి పురుగుల గుర్తింపు కార్డులు: మేఫ్లైల వరకు ఎంత పనికొస్తాయి?

మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లలను ఆనేకల్ దగ్గరి ముత్యాలమడుగు వాగుకు తీసుకువెళ్ళే ముందు, బెంగళూరు మారతహళ్ళిలోని ఒక పుస్తకాల దుకాణంలో ఈ కార్డుల పెట్టెను 650 రూపాయలకు కొన్నాను. మొత్తం 24 కార్డుల్లో 9 మేఫ్లైలవి, అంటే నీటిలో పెరిగి, రెక్కలొచ్చాక బయటికి ఎగిరే ఒక రకం కీటకాలవి. ఈ సమీక్ష ఆ తొమ్మిదింటికే పరిమితం.

వాన కురిసిన రాత్రి దీపం చుట్టూ మూగే ఉసుళ్ళనే చాలామంది మేఫ్లైలనుకొంటారు. మొదటి కార్డు ఆ పొరపాటును చక్కగా తొలగిస్తుంది. ఉసుళ్ళు నాలుగు సమానమైన రెక్కలను వీపు మీద పరుచుకొంటాయి. మేఫ్లై రెక్కలను నిటారుగా నిలుపుతుంది, పైగా వెనక రెండో మూడో పొడవాటి తోకపోగులుంటాయి. రెక్కలొచ్చిన తరువాత మరోసారి కుబుసం విడిచే కీటకాలు నేడు ఇవి మాత్రమేనన్న సంగతిని కూడా ఒక్క బొమ్మతో తేటగా చెప్పారు.

నీటిలో పెరిగే పిల్లపురుగులను కుటుంబాలుగా విడదీసే కార్డులే ఈ పెట్టెకు ప్రాణం. రాతికి అతుక్కొనే బల్లపరుపు శరీరమైతే హెప్టజీనిడే, చిన్న చేపపిల్లలా చురుగ్గా ఈదితే బీటిడే, ఉదరం మీది రెండో జత మొప్పలు పలకల్లా విప్పారి మిగతా మొప్పలను కప్పేస్తే సీనిడే, దంతాల్లాంటి కొమ్ములతో బురదను తవ్వితే ఎఫిమెరిడే. ఈ నాలుగు గుర్తులతోనే మా పిల్లలు వాగు ఒడ్డున, తెల్లని పళ్ళెంలో, పది నిమిషాల్లో బీటిడేను, సీనిడేను వేరుచేశారు. కార్డులు తడిసినా చెడలేదు.

అయితే విస్తరణను చూపే కార్డు దగ్గరికి వచ్చేసరికి నిరాశ తప్పలేదు. ప్రపంచంలో 3,000కు పైగా మేఫ్లై జాతులున్నాయనీ, అంటార్కిటికాలో అవి లేవనీ రాయడం సరే. కానీ పటంలో భారతదేశమంతటికీ ఒకే రంగు పూశారు. పశ్చిమ కనుమల ఏటిరాళ్ళ కింద దొరికే టెలోగనోడిడే కుటుంబానికి ఒక్క వాక్యమైనా కేటాయించలేదు. పూర్వం దీన్ని ఎఫిమెరెల్లిడేలో ఉపకుటుంబంగా లెక్కించేవారు. ఈ కార్డుల కూర్పు ఆ పాత లెక్కనే పట్టుకొని ఉన్నట్లుంది. దక్షిణ భారతం, శ్రీలంక, ఆగ్నేయాసియాల్లో కనిపించే ఒక కుటుంబాన్ని ఉత్తరార్ధగోళపు కుటుంబంలో కలిపేస్తే, కనుమల్లో పురుగును చేతిలో పట్టుకొన్న పిల్లవాడు తప్పు పేరు నేర్చుకొంటాడు. దక్షిణార్ధగోళంలో బాగా వికసించిన లెప్టోఫ్లెబిడేకు దక్కినది కూడా అర కార్డే. హెప్టజీనిడే ఆస్ట్రేలియాలో లేకపోవడం వంటి ఆసక్తికరమైన విషయాన్ని వదిలేశారు.

ఇంకొకటి: పెద్దపురుగులు మే, జూన్ నెలల్లో వెలువడతాయని రాశారు. అది యూరప్ వాగుల సంగతి. మన వెచ్చని నీళ్ళలో ఒక్క వేసవికే ఆగవలసిన పని వాటికి లేదు.

గుర్తింపు కార్డులకు మాత్రం 650 రూపాయలు దండగ కాదు. విస్తరణ కార్డు మీద టెలోగనోడిడే పేరు రాసిన తెల్లకాగితం అతికించి, పెట్టెను పిల్లలకు ఇచ్చేశాను.